విద్యుత్పరికరములు - పరీక్షాచీటీలు

విద్యుచ్ఛక్తి కంటికి కనబడదు. దానికి వాసన లేదు. అది వచ్చుచున్నదని తెలుపు చప్పుడును లేదు. పాము బుసకొట్టును, నిప్పు దూరమునుండియే సెగ తెలుపును, ఏటి పొంగు ఘోషించుచు వచ్చును. తీగలోని విద్యుత్తు మాత్రము మనము తాకువఱకు తన యునికిని తెలుపదు. కావున మన యిండ్లలోని ఇస్త్రీపెట్టెయో, ఫ్యానో, మిక్సీయో క్షేమకరమైనదా కాదా యని పైరూపము చూచి నిశ్చయించుట సాధ్యము గాదు. తెలిసినవారు తగిన సాధనములతో పరీక్షించి, ఆ ఫలితమును ఇతరులకు తెలియజేయవలెను. అట్లు తెలియజేయునదే ఆ వస్తువుపై నంటించు చిన్న చీటి. ఆ చీటి యేమి చెప్పునో, అంతకంటె ముఖ్యముగా ఏమి చెప్పదో, మా విద్యార్థులకును వారి తల్లిదండ్రులకును విశదపఱచుటయే ఈ వ్యాసముయొక్క యుద్దేశము.

రెండు విధములగు గుర్తులు

విద్యుత్పరికరములపై క్షేమమునుగూర్చి కనబడు గుర్తులు రెండు విధములు. మొదటిది కర్మాగారమునందే వస్తువుపై ముద్రింపబడునది. ఈ నమూనా వస్తువు నియమిత ప్రమాణములకు సరిపోయినదని అది తెలుపును. రెండవది ఆ వస్తువు వాడుకలోనికి వచ్చిన పిమ్మట, అప్పుడప్పుడు పరీక్షించినవారు అంటించునది. మన బడిభాషలో చెప్పవలెనన్నచో, మొదటిది ప్రవేశపరీక్ష, రెండవది సంవత్సరపరీక్ష. ప్రవేశపరీక్షలో నుత్తీర్ణుడైన బాలుడు అటుపిమ్మట చదువకున్నను ప్రతి సంవత్సరమును ఉత్తీర్ణుడగునని ఎవ్వరును తలంపరు గదా. కాని యిండ్లలో ననేకులు ఇరువది యేండ్లనాడు కొన్న ఇస్త్రీపెట్టెపై నున్న గుర్తును జూచి నేటికిని నిశ్చింతగా నుందురు. ఈ రెండు గుర్తులకును గల భేదము తెలియకపోవుటచేతనే యిట్లు జరుగుచున్నది.

మొదటి గుర్తు పుట్టిన విధము

1893 వ సంవత్సరమున అమెరికాలోని చికాగో నగరమునందు గొప్ప ప్రపంచప్రదర్శనము జరిగెను. ఆ ప్రదర్శన మందిరములు లెక్కకు మిక్కిలియగు విద్యుద్దీపములతో వెలిగెను. అంతవఱకు అంత విస్తారముగా ఆ శక్తిని ఒక్కచోట వాడినవారు అరుదు. అగ్నిప్రమాదములకు నష్టపరిహార మీయవలసిన భీమాసంఘములకు ఇది భయము గొలిపెను. వారు విలియం హెన్రీ మెరిల్ అను యువక విద్యుచ్ఛాస్త్రజ్ఞుని అచ్చటికి బంపిరి. ఆయన 1894 లో చిన్న పరీక్షాశాల నొకదానిని నెలకొల్పెను. అదియే 1901 లో "అండర్‌రైటర్స్ లాబొరేటరీస్" అను సంస్థ యాయెను. నేటికిని అమెరికాదేశపు వస్తువులపై వలయములో కనబడు "యు, యల్" అను రెండక్షరములు దాని గుర్తే. వస్తువును చేయువాడును గాక, కొనువాడును గాక, మూడవవాడు పరీక్షించి సాక్ష్యము చెప్పుటయే ఈ గుర్తుయొక్క ప్రాణము.

మన దేశమున 1947 జనవరిలో ఇండియన్ స్టాండర్డ్స్ ఇన్‌స్టిట్యూషన్ అను ప్రమాణసంస్థ స్థాపింపబడెను. 1952 లో చేసిన చట్టముచేత వస్తువులపై ధ్రువీకరణ ముద్ర నిచ్చు నధికారము దానికి గలిగెను. జనులు ఐ.యస్.ఐ. గుర్తని పిలుచునది యిదియే. 1986 వ సంవత్సరపు చట్టము ననుసరించి 1987 ఏప్రిలు 1 వ తేదీనుండి ఆ సంస్థ స్థానమున బ్యూరో ఆఫ్ ఇండియన్ స్టాండర్డ్స్ వచ్చినను, గుర్తునకు పాతపేరే నిలిచినది. 2003 వ సంవత్సరపు కేంద్రప్రభుత్వపు ఉత్తరువు ఇస్త్రీపెట్టెలు, నీటిలో ముంచు హీటర్లు, విద్యుత్పొయ్యిలు, తీగలు మొదలగువానికి ఈ గుర్తును తప్పనిసరి చేసినది.

ఈ గుర్తును చదువుట యొక విద్య. అక్షరములను మాత్రమే చూచి తృప్తినొందరాదు. గుర్తునకు పైభాగమున "ఐ.యస్." అను నక్షరములతో నొక సంఖ్య యుండును. అది ఏ ప్రమాణము ననుసరించి పరీక్ష జరిగినదో తెలుపును. దృష్టాంతమునకు ప్లగ్గులకును సాకెట్లకును 1293, రబ్బరువంటి పీ.వీ.సీ. తొడుగుగల తీగలకు 694. గుర్తునకు క్రిందిభాగమున "సీ, యం, యల్" అను నింగ్లీషు అక్షరములతో నింకొక సంఖ్య యుండును. అది ఆ కర్మాగారమున కిచ్చిన అనుమతి సంఖ్య. ఆ సంఖ్య లేని గుర్తు సంతకము లేని నోటువంటిది. ప్రమాణసంస్థవారి "బి.ఐ.యస్. కేర్" అను ఫోను అనువర్తనమునం దా సంఖ్యను వ్రాసి చూచినచో, అనుమతి యెవరిదో, యే వస్తువునకో తెలియును. సెల్‌ఫోను చార్జర్లు మొదలగు కొన్ని ఎలక్ట్రానిక్ వస్తువులకు వేఱు పద్ధతి గలదు. వానిపై "ఆర్" అను నక్షరముతో మొదలగు నమోదు సంఖ్య యుండును.

ఇచ్చట రెండు పొరపాటులను తొలగింపవలసియున్నది. ఫ్రిజ్జులపైనను ఫ్యానులపైనను నక్షత్రములతో నొక చీటి యుండును. అది బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియన్సీ వారిది. విద్యుత్తు ఎంత పొదుపుగా ఖర్చగునో అది చెప్పును గాని, షాకు కొట్టదని చెప్పదు. ఐదు నక్షత్రముల యంత్రమునకును ఎర్తు తప్పక కావలయును. ఇంక "సీ, ఇ" అను రెండక్షరముల గుర్తు ఐరోపాదేశముల నియమములకు సంబంధించినది. గృహోపకరణములలో ననేకములకు దానిని చేయువాడే తన బాధ్యతమీద వేసికొనును. మూడవవాని పరీక్ష అవసరముగా జరిగియుండదు. ఏ గుర్తు ఎవరి నోటిమాటయో తెలిసికొనకుండ నమ్ముట తగదు.

రెండవ చీటి

ఇంక సంవత్సరపరీక్షను విచారింతము. ఇంగ్లండునందో ఆస్ట్రేలియాయందో పనిచేయు మన తెలుగువా రక్కడి కార్యాలయములలో టీకాచు కెటిలుమీదను, దీపముల తీగలమీదను చిన్న చీటీలు చూచియుందురు. వానిపై ఒక సంఖ్య, ఒక తేదీ, పరీక్షకుని పొడి సంతకము ఉండును. ఆస్ట్రేలియాలో భవననిర్మాణ స్థలములలో మూడు మాసముల కొక రంగు చొప్పున ఎఱుపు, ఆకుపచ్చ, నీలము, పసుపు చీటీలు మార్చు నాచారము కలదు. అక్షరములు చదువలేని కూలివాడైనను దూరమునుండియే యీ పనిముట్టు పరీక్ష జరిగినదా లేదా యని గుర్తింపవచ్చును. మన దేశమునను కొన్ని కర్మాగారములందు ఈ పద్ధతి నడచుచున్నది. కాని బడులలోను, హాస్టళ్లలోను, ఇండ్లలోను ఇది యరుదు.

పరీక్ష దేనికొఱకు?

చీటి విలువ తెలియవలెనన్నచో పరీక్ష తెలియవలెను. పరీక్ష తెలియవలెనన్నచో ప్రమాదము తెలియవలెను. పదవతరగతి విద్యార్థులకు ఓము సూత్రము తెలియును గదా. దానితోనే చూతము.

మన యిండ్లకు వచ్చునది 230 వోల్టుల విద్యుత్తు. ఇస్త్రీపెట్టె లోపల ఫేజుతీగ తొడుగు కాలి, తీగ లోహపు పెట్టెకు తగిలినదనుకొందము. తడినేలపై వట్టి కాళ్లతో నిలిచిన బాలుడు దానిని ముట్టెను. అతని దేహపు నిరోధము 1,000 ఓములనుకొన్నచో, 230 ని 1,000 చే భాగింపగా 0.23 ఆంపియరు, అనగా 230 మిల్లియాంపియర్లు దేహమునుండి ప్రవహించును. ఒక్క మిల్లియాంపియరు చిమచిమలాడించును. పది మిల్లియాంపియర్ల ప్రాంతమున చేతికండరములు బిగిసి, పట్టినదానిని విడువలేకపోవును. అంతకు మించి కొంతసేపు ప్రవహించినచో గుండె లయ దప్పి ప్రాణము పోవచ్చును. ఇప్పుడు వేఱొక లెక్క చూడుడు. పాతకాలపు 100 వాట్ల బల్బు గైకొను విద్యుత్తు సుమారు 0.43 ఆంపియరు. అనగా ఒక బల్బు వెలుగుటకు కావలసినదానిలో సగము మనుష్యుని చంపుటకు జాలును! అంత చిన్న ప్రవాహమునకు ఫ్యూజు కాలదు. ఫ్యూజు దృష్టిలో ఆ బాలుడు మఱియొక బల్బే.

ఈ యాపదనుండి కాపాడుటకు శాస్త్రజ్ఞులు రెండు మార్గములు కనిపెట్టిరి. మొదటి తెగ పరికరములలో లోహపు పైభాగమును ఎర్తుతీగతో భూమికి గలుపుదురు. ఫేజు పెట్టెకు తగిలినచో మిక్కుటమగు ప్రవాహము ఎర్తుగుండ బోయి, ఫ్యూజు వెంటనే కాలిపోవును. మూడుముళ్ల ప్లగ్గులో పైనున్న లావుపాటి ముల్లు దీనికొఱకే. అది తక్కిన రెంటికంటె పొడవుగా నుండుటకును కారణము గలదు. ప్లగ్గు పెట్టునప్పుడు ఎర్తు ముందుగా కలియవలెను. తీయునప్పుడు చివరగా విడవలెను. రెండవ తెగ పరికరములలో ఎర్తు ఉండదు. వానికి రెండు పొరల రక్షణ యుండును. వానిపై చదరములో చదరము గీసిన గుర్తు కనబడును. జుట్టు ఆరబెట్టు యంత్రములు, చార్జర్లు ఈ జాతివి. ఆ గుర్తు లేని లోహపు పరికరమునకు రెండుముళ్ల ప్లగ్గున్నచో, అది యుండదగనిదని తెలిసికొనుడు.

పరీక్ష జరుగు విధము

మొదటి పరీక్ష కంటితో చేయునది. తీగ చిట్లినదా, ప్లగ్గు పగిలినదా, నల్లబడినదా, తీగ లోపలికి బోవుచోట తొడుగు జాఱినదా, అతుకులకు టేపు చుట్టిరా యని పరిశీలించుట. వాడుకలోని లోపములలో హెచ్చుభాగ మిక్కడనే బయటపడును. దీనికి యంత్ర మేదియు నక్కఱలేదు, ఓపిక కావలయును.

రెండవది ఎర్తు తీగ తెగకుండ నున్నదా యను పరీక్ష. ప్లగ్గు ఎర్తు ముల్లునకును పరికరపు లోహభాగమునకును మధ్య నిరోధము కొలుతురు. కర్మాగారమున క్రొత్త నమూనాలకు చేయు పరీక్షలో 25 ఆంపియర్లకు తక్కువగాని ప్రవాహమును బంపి, నిరోధము 0.1 ఓమును మించరాదందురు. వాడుకలోని వస్తువులకు తీగ నిరోధమును దానికి గలిపి లెక్కింతురు. పరీక్షకుడు తీగను అటు నిటు వంచుచు కొలతను చూచును. వంచినప్పుడు ముల్లు కదలినచో లోపల పోగులు తెగుచున్నవని యర్థము.

మూడవది తొడుగుల పరీక్ష. మెగ్గరను సాధనముతో 500 వోల్టుల పీడనమునిచ్చి, విద్యుత్తు నడచు తీగలకును పైభాగమునకును నడుమ నిరోధమెంతయో కొలుతురు. ఇంగ్లండులో అనుసరించు సాధారణ హద్దు మొదటి తెగకు ఒక మెగోము, అనగా పదిలక్షల ఓములు. రెండవ తెగకు రెండు మెగోములు. విద్యార్థులారా, 500 ని పదిలక్షలచే భాగించి చూడుడు. అర మిల్లియాంపియరు వచ్చును. చిమచిమ యనుటకైనను చాలని ప్రవాహమది. ఈ యంకెలు ఎవరో తమ యిష్టమువచ్చినట్లు వ్రాసినవి గావు. మన దేహము ఓర్చుకొనగల మేర ననుసరించి యేర్పడినవి.

చివరకు పరికరము చక్కగా పనిచేయుచున్నదా యని చూచి, ఫలితమును పుస్తకమునం దెక్కించి, చీటి అంటింతురు. తప్పిన వస్తువునకు ఎఱ్ఱచీటి అంటించి వెంటనే వాడుకనుండి తొలగింపవలెను. ఎఱ్ఱచీటి గల వస్తువును మూలనుంచిన మాత్రమున చాలదు. అవసరమువచ్చినప్పు డెవడో ఒకడు దానిని తీయును.

చీటి చెప్పనిది

ఇప్పుడు మేము ముఖ్యముగా చెప్పదలచినదానికి వచ్చితిమి. చీటి పరీక్ష జరిగిన దినమునకు మాత్రమే సాక్షి. మఱునాటి సంగతి దానికి తెలియదు. మేమొకప్పుడు ఒక కార్యాలయమున ఎక్స్‌టెన్షను బోర్డు నొకదానిని జూచితిమి. దానిపై నెలదినముల క్రిందటి తేదీతో చక్కని చీటి యున్నది, సంతకము నున్నది. కాని గోడకున్న రెండురంధ్రముల సాకెట్టులో బట్టుటకై ఎవరో ప్లగ్గు ఎర్తు ముల్లును రంపముతో కోసివేసిరి! చీటి యబద్ధమాడలేదు; పరీక్షించిననాడు ముల్లు ఉండెను. చీటిని జూచినవారందఱును ప్లగ్గును జూచుట మానిరి. ఆ బోర్డునకు తగిలించినది చల్లని నీటియంత్రము. దానిచుట్టును నేల యెప్పుడును తడియే. చీటి లేకుండిన నెవరైన శంకించియుందురేమో. చీటి యుండుటచేత శంకయే పోయెను.

అందుచేతనే ఇంగ్లండు దేశపు 1989 వ సంవత్సరపు నిబంధనలు పరికరములు అపాయము కలిగింపని స్థితిలో నుంచవలెనని విధించినవి గాని, చీటి అంటింపవలెనని విధింపలేదు. ప్రతి వస్తువును సంవత్సరమున కొకసారి పరీక్షింపవలెనని కూడ అందు లేదు. అనేకు లట్లు తలంచుట పొరపాటు. నిర్మాణస్థలమున రాళ్లమీద నీడ్చబడు డ్రిల్లు యంత్రమును తఱచుగా పరీక్షింపవలెను. బల్లపై కదలకుండ నుండు గడియారమునకు అంత యవసరము లేదు. వాడుక యెంత మోటో పరీక్ష యంత తఱచుగా నుండవలెను. విధి వస్తువును క్షేమముగా నుంచుట. చీటి ఆ విధినిర్వహణమునకు గుర్తు మాత్రమే.

పరీక్షింపకయే చీటి అంటించువా రుండరా యని యడుగుదురు. ఉందురు. వస్తువున కింతయని కూలి మాట్లాడుకొని, ఒక్కదినమున వందలకొలది చీటీలు అంటించినచో ప్లగ్గు విప్పి చూచుటకు కాలమెక్కడిది? అట్టి చీటి చీటి లేకపోవుటకంటె చెడ్డది. ఏలయన అది జాగ్రత్తను నిద్రపుచ్చును. హాజరుపట్టీలో రానివానికి వచ్చినట్లు గుర్తువేయుటకును దీనికిని భేదము లేదు. హాజరుపట్టీలోని యబద్ధము కనీసము ప్రాణము తీయదు.

పాఠశాలలు చేయదగినది

ఇట్టి పద్ధతిని పాఠశాలలలో నేర్పఱచుటకు గొప్ప ధనము కావలసినది లేదు. మొదట ఒక పుస్తకము తెఱచి, ప్రయోగశాలలోను, కార్యాలయమునందును, హాస్టలులోను ఉన్న ప్రతి పరికరమునకు ఒక సంఖ్య నిచ్చి వ్రాయవలెను. చీటి రాలిపోవచ్చును, చెరగిపోవచ్చును, పుస్తకము నిలుచును. పిమ్మట లైసెన్సుగల ఎలక్ట్రీషియనుచే పరీక్షింపజేసి, వచ్చిన అంకెలనే వ్రాయింపవలెను; "బాగున్నది" అనుమాట చాలదు. నిరుడు 50 మెగోములున్నది ఈ యేడు మూడైనచో, రెండును ఉత్తీర్ణతయే యైనను, ఆ వస్తువు క్షీణించుచున్నదని అంకె చెప్పును, చీటి చెప్పదు. చీటిపై సంఖ్య, పరీక్ష తేదీ, పరీక్షకుని సంతకము ఉండవలెను. తయారుచేసినవారి వోల్టుల పలకను చీటి కప్పరాదు; కాగు భాగముపై అంటింపరాదు. మరమ్మతు జరిగినచో గడువు మిగిలియున్నను పాతచీటి చెల్లదు, మరల పరీక్షింపవలెను. హాస్టలు లైనునకు 30 మిల్లియాంపియర్ల లీకునకే తెగిపోవు ఆర్.సీ.సీ.బీ. యను రక్షణసాధనము పెట్టించుట అన్నిటికంటె మేలు. దానిపైనుండు పరీక్షామీటను అప్పుడప్పుడు నొక్కి చూచుట మఱవరాదు.

విద్యార్థులు మెగ్గరు ముట్టరాదు, ప్లగ్గులు విప్పరాదు. కాని మొదటి పరీక్ష, కంటిపరీక్ష, మీ పని. మీటవేయుటకు ముందు ఐదు సంగతులు చూడుడు: తీగ, ప్లగ్గు, మూడవ ముల్లు, మీ చేతులు, మీ కాళ్లక్రింద నేల. వీనిలో నేది సరిగా లేకున్నను మీట వేయవలదు. వచ్చి ఉపాధ్యాయునితో చెప్పుడు. "పని చేయుచున్నది గదా" యను మాట శాస్త్రము గాదు. ఎర్తు తెగిన ఇస్త్రీపెట్టెయు చక్కగా కాగును. బట్టల మడతలు చక్కగా తీరును. అది చక్కగా పనిచేయుటయే దాని లోపమును దాచుచున్నది.

గృహములందు

తల్లిదండ్రులకు ఒక మనవి. మన ప్రాంతములలో చలికాలపు ఉదయములందు బక్కెట్టులో నీళ్లు కాచు హీటరుకడ్డీ వాడుట సాధారణము. ఇనుపబక్కెట్టులో దాని నెన్నడును వాడకుడు. కడ్డీని నీళ్లలో గుర్తువఱకు ముంచిన పిమ్మటనే మీట వేయవలెను. నీళ్లు కాగినవో లేదో చేయిపెట్టి చూచుటకు ముందు మీట తీసి, ప్లగ్గును గూడ ఊడదీయవలెను. అంగడిలో కొనునప్పుడు గుర్తుక్రింది సంఖ్యను చదివి, బిల్లు అడిగి పుచ్చుకొనుడు.  ఇంటి గోడలో మూడవరంధ్రమునకు తీగ నిజముగా భూమివఱకు పోయినదో లేదో ఎలక్ట్రీషియనుచే నొకసారి చూపింపుడు. సాకెట్టునకు మూడు రంధ్రములుండి వెనుక తీగ లేనిచో, ఎంత మంచి గుర్తుగల పరికరమైనను నిరాయుధమే.

చీటిని నమ్ముట తప్పుగాదు. శ్రద్ధతో పరీక్షించి, అంకెలు వ్రాసి, తన పేరు పెట్టినవాడు మన కెన్నడును కనబడకున్నను మన ప్రాణమునకు కావలిగాసినవాడే. అతని మాట గౌరవింపదగినది. కాని యతడు తన పని చేసి వెళ్లిపోయెను. అతడు పోయిన మఱుక్షణమునుండి ఆ వస్తువునకు కావలి, దానిని చేతబట్టినవాడే.